మహమ్మద్ అలీ ట్రైనింగ్ రోబ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంతకీ ఏ బట్టల గురించి ఈ పేజీ?

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ నడిపే మ్యూజియంలలో నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆఫ్రికన్ అమెరికన్ హిస్టరీ అండ్ కల్చర్ ఒకటి. బాక్సర్ మహమ్మద్ అలీ మయామీ బీచ్‌లోని ఫిఫ్త్ స్ట్రీట్ జిమ్‌లో ప్రాక్టీస్ చేసే రోజుల్లో వేసుకున్న రోబ్ (ఒంటి మీద కప్పుకునే వదులైన పొడవాటి కోటు) ఒకటి ఆ మ్యూజియం సేకరణలో ఉంది. అది 1964 నాటిది. దాంతోపాటు, స్పారింగ్‌లో, అంటే జోడీతో చేసే ప్రాక్టీస్ బాక్సింగ్‌లో, తలకు పెట్టుకున్న ఎవర్‌లాస్ట్ కంపెనీ తోలు హెడ్‌గేర్ కూడా ఉంది. అది ఇంకా పాతది, 1960 ప్రాంతం నాటిది.

ఈ రెండూ టైటిల్ గెలిచిన రాత్రి వేసుకున్నవి కావు. రోజూ జిమ్‌కి వెళ్లి చెమటలు కక్కినప్పుడు ఒంటి మీద ఉన్నవి. ఈ పేజీ రాయడానికి అసలు కారణం కూడా అదే. అలీ నోటి గురించి, కాళ్ల వేగం గురించి అందరూ చెబుతారు. అతను పడ్డ కష్టం గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఈ బట్టలు చెప్పేది ఆ కష్టం గురించే.

పోటీ రోబ్‌కీ ట్రైనింగ్ రోబ్‌కీ తేడా ఏమిటి?

పోటీ రోబ్ నలుగురూ చూడటానికి వేసుకునేది. బాక్సర్ డ్రెస్సింగ్ రూమ్ నుంచి రింగ్ దాకా నడిచే ఆ కొన్ని నిమిషాలే దాని పని. శాటిన్ లాంటి మెరిసే గుడ్డ, వీపు మీద పెద్ద అక్షరాలతో పేరు, కొన్నిసార్లు రాళ్లు, జరీ. 1973లో లాస్ వేగస్‌లో జో బగ్నర్‌తో పోటీకి అలీ వేసుకున్న రోబ్ సాక్షాత్తూ ఎల్విస్ ప్రెస్లీ ఇచ్చిన కానుక. దాని వీపు మీద ‘పీపుల్స్ ఛాయిస్’ అని రాళ్లతో పొదిగి ఉండేది. అలాంటివి వేలంపాటల్లో, ఫొటోల్లో బాగా వెలుగుతాయి.

ట్రైనింగ్ రోబ్ పని వేరు. ఇవి సాధారణంగా చెమట పీల్చే నూలు గుడ్డతో, చాలాసార్లు టవల్ గుడ్డతోనే కుట్టి ఉంటాయి. రింగ్‌లో నాలుగైదు రౌండ్లు స్పారింగ్ చేసి, బ్యాగ్ కొట్టి, స్కిప్పింగ్ చేసి దిగగానే ఒంటి మీద చెమట ఉంటుంది. ఆ వేడి ఒక్కసారిగా చల్లారితే కండరాలు పట్టేస్తాయి. అందుకే దిగగానే రోబ్ కప్పుతారు. మసాజ్ బల్ల మీద పడుకునేదాకా అదే ఒంటి మీద ఉంటుంది. రోజూ తడుస్తుంది, రోజూ ఆరుతుంది. మోచేతుల దగ్గర, మెడ పట్టీ దగ్గర ముందు అరుగుతుంది. పాతబడితే పారేస్తారు. నిజానికి ఇలాంటివి మిగలడమే అరుదు.

ఫిఫ్త్ స్ట్రీట్ జిమ్‌కి అంత పేరు ఎందుకు?

చూడటానికి గొప్ప చోటేమీ కాదు. మయామీ బీచ్‌లో ఫిఫ్త్ స్ట్రీట్, వాషింగ్టన్ ఎవెన్యూ కలిసే మూలలో, కింద మందుల షాపు, పైన జిమ్. చెక్క మెట్లెక్కి పోవాలి. నేల చెక్కకు చెదలు. ఫ్లోరిడా ఎండకి లోపల ఉక్క. 1950లో క్రిస్ డండీ అనే ప్రమోటర్ దాన్ని మొదలుపెట్టాడు. అతని తమ్ముడు ఏంజెలో డండీ ట్రైనర్‌గా పనిచేసేవాడు. ఫిడెల్ కాస్ట్రో ప్రభుత్వం క్యూబాలో ప్రొఫెషనల్ బాక్సింగ్‌ని ఆపేశాక అక్కడి మంచి బాక్సర్లు చాలామంది సముద్రం దాటి మయామీ చేరారు. లూయీస్ రోడ్రిగెజ్ లాంటివాళ్లు ఈ జిమ్‌లోనే తయారయ్యారు.

రోమ్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీ వెయిట్ స్వర్ణం గెలిచిన క్యాషియస్ క్లే (అలీ మొదటి పేరు ఇదే), 1960 చివర్లో ఏంజెలో దగ్గర చేరాడు. వయసు 18. ఏంజెలో పద్ధతి వేరుగా ఉండేది. ‘ఇలా కొట్టు’ అని ఆజ్ఞాపించడు. కుర్రాడు ఎడమచేతి జాబ్ (చేయి చాచి వేసే సూటి గుద్దు) సరిగా వేయకపోయినా ‘ఇవాళ నీ జాబ్ అదిరింది, మోకాలు వంచి భలే వేశావు’ అనేవాడు. క్లే ఆ మాట నిలబెట్టుకోవడానికి మర్నాడు నిజంగానే అలా వేసేవాడు. తన మాట తప్ప ఎవరి మాటా వినని కుర్రాడికి నేర్పాలంటే ఇంతకంటే మంచి దారి ఉండదని నా అభిప్రాయం.

ఆ జిమ్‌లో ఇంకో మనిషి గురించి చెప్పకపోతే తప్పు. లూయీస్ సరియా అనే క్యూబన్. ఇంగ్లిష్ పెద్దగా రాదు, మాట తక్కువ. అలీ ఒంటికి మర్దన చేసింది, పొట్ట కండరాల కసరత్తు చేయించింది ఎన్నో ఏళ్లపాటు ఆయనే. రింగ్ దిగి రోబ్ కప్పుకున్న అలీ తిన్నగా వెళ్లేది సరియా బల్ల దగ్గరికే.

ఆ భవనాన్ని 1993లో కూల్చేశారు. మెట్లు లేవు, నేల లేదు, కిటికీలు లేవు. ఇప్పుడు ఆ జిమ్‌ని చేత్తో ముట్టుకోగలిగే రూపంలో చూపేవి ఇలాంటి కొద్ది వస్తువులే.

1964కి ప్రత్యేకత ఏమిటి?

అలీ జీవితంలో అంత చిన్న వ్యవధిలో అన్ని మలుపులు తిరిగిన ఏడాది ఇంకోటి లేదు.

ఫిబ్రవరిలో మయామీ బీచ్‌లో హెవీ వెయిట్ ఛాంపియన్ సోనీ లిస్టన్‌తో పోటీ. లిస్టన్ అంటే అప్పట్లో అందరికీ హడల్. ఫ్లాయిడ్ ప్యాటర్సన్ లాంటి ఛాంపియన్‌ని రెండుసార్లూ మొదటి రౌండ్‌లోనే పడగొట్టాడు. పందేల లెక్క 7కి 1, లిస్టన్ వైపు. పోటీ రాయడానికి వచ్చిన 46 మంది విలేకరుల్లో 43 మంది లిస్టన్ గెలుస్తాడనే చెప్పారు. క్లే మాత్రం ‘ఎలుగుబంటి వేట’ అని వీపు మీద రాసిన డెనిమ్ జాకెట్ వేసుకుని ఊరంతా తిరిగాడు. ఎలుగుబంటి అంటే లిస్టన్. బట్టలతో కూడా అవతలివాడికి టెన్షన్ పెట్టడం క్లేకి తెలుసు.

ఫిబ్రవరి 18న బీటిల్స్ బృందం ఆ జిమ్ మెట్లెక్కింది. ఫొటోగ్రాఫర్ హ్యారీ బెన్సన్ తీసిన ఫొటోలో క్లే ఒక్క గుద్దుకి నలుగురూ వరసగా పడిపోతున్నట్టు నటిస్తారు. నలుగురికీ, క్లేకీ అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు.

మాల్కమ్ ఎక్స్ కూడా మయామీ వచ్చాడు. అతను ఉన్న నల్లజాతి ముస్లింల సంస్థ నేషన్ ఆఫ్ ఇస్లామ్‌లో క్లే చేరాడన్న వార్త పొక్కడంతో పోటీ రద్దు చేస్తానని ప్రమోటర్ బెదిరించాడు. ఫిబ్రవరి 25 ఉదయం బరువు చూసేటప్పుడు క్లే చేసిన గోలకి నాడి నిమిషానికి 120 దాకా పోయింది, మామూలుగా అయితే 54. అతను భయంతో వణుకుతున్నాడనుకున్నారు. బాక్సింగ్ కమిషన్ 2,500 డాలర్ల జరిమానా వేసింది. ఆ రాత్రి ఆరు రౌండ్లు అయ్యాక లిస్టన్ స్టూల్ మీంచి లేవలేదు. 22 ఏళ్ల కుర్రాడు ప్రపంచ ఛాంపియన్.

మార్చి 6న నేషన్ ఆఫ్ ఇస్లామ్ నాయకుడు ఎలైజా మహమ్మద్ అతనికి కొత్త పేరు ఇచ్చాడు: మహమ్మద్ అలీ.

మరి ఆ రోబ్ వేసుకున్నది క్యాషియస్ క్లేనా, మహమ్మద్ అలీనా?

మనిషి ఒక్కడే. ఆ ఏడాది మొదటి రెండు నెలలు పత్రికలకి క్యాషియస్ క్లే, తర్వాత కొన్నాళ్లు తన మాటల్లో క్యాషియస్ ఎక్స్, ఆపైన మహమ్మద్ అలీ. చాలా పత్రికలు ఏళ్ల తరబడి కొత్త పేరు రాయడానికి ఒప్పుకోలేదు. రింగ్‌లో కూడా కొందరు కావాలనే పాత పేరుతో పిలిచారు. 1967లో ఎర్నీ టెరెల్ అలా పిలిచినందుకు అలీ ఆ పోటీ సాగినంతసేపూ ‘నా పేరేంటి?’ అని అడుగుతూ కొట్టాడు. ఒక మనిషి తనకు తాను పెట్టుకున్న పేరుని గౌరవించడం కనీస మర్యాద. అందుకే ఈ పేజీలో 1964 మార్చి తర్వాతి విషయాలకి అలీ అనే రాశాను. అంతకు ముందటివాటికి, అప్పట్లో ఆయనే వాడిన పేరు కాబట్టి, క్లే అని రాశాను.

హెడ్‌గేర్ ఎందుకు? పోటీల్లో అలీ తలకి ఏమీ ఉండదు కదా?

ప్రొఫెషనల్ పోటీల్లో హెడ్‌గేర్ ఉండదు, స్పారింగ్‌లో ఉంటుంది. ఒక పెద్ద పోటీకి ముందు బాక్సర్ వందకు పైగా రౌండ్లు స్పారింగ్ చేయడం మామూలే. కనుబొమ్మ మీద చిన్న కోత పడినా పోటీ వాయిదా పడుతుంది, డబ్బు పోతుంది. తోలు లోపల మెత్త కుక్కిన హెడ్‌గేర్ ఆ కోతల్ని, గీతల్ని ఆపుతుంది. మెదడుకి తగిలే కుదుపుని మాత్రం పూర్తిగా ఆపలేదు. అలీ తర్వాతి జీవితం తెలిసినవాళ్లకి ఆ హెడ్‌గేర్‌ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. 1984లో, రిటైరైన మూడేళ్లకే, ఆయనకి పార్కిన్‌సన్స్ లక్షణాలు ఉన్నట్టు బయటపడింది. దానికి దెబ్బలు ఎంతవరకు కారణమో వైద్యులు ఇప్పటికీ వాదించుకుంటారు. తర్వాతి రోజుల్లో స్పారింగ్‌లో అలీ ఒళ్లు గట్టిపడుతుందని తాళ్లకి ఆనుకుని కావాలనే దెబ్బలు తినేవాడన్నది మాత్రం అందరికీ తెలిసిన సంగతి.

ఒలింపిక్స్ సంగతి అడిగేవాళ్లు కూడా ఉంటారు. రోమ్‌లో క్లే హెడ్‌గేర్ లేకుండానే ఆడాడు. 1984 నుంచి ఒలింపిక్ బాక్సర్లకి తప్పనిసరి చేశారు. 2016 రియోలో పురుషులకి తీసేశారు.

అలీ ట్రైనింగ్ నిజంగా ఎలా ఉండేది?

తెల్లవారుజామున పరుగు. అదీ బరువైన బూట్లతో. రింగ్‌లో తేలికపాటి బాక్సింగ్ షూ వేసుకుంటే కాళ్లు వాటంతట అవే లేవాలని. తర్వాత జిమ్‌లో స్కిప్పింగ్, స్పీడ్ బ్యాగ్, హెవీ బ్యాగ్, అద్దం ముందు షాడో బాక్సింగ్, స్పారింగ్, చివర్లో పొట్ట కసరత్తులు. బరువులు ఎత్తేవాడు కాదు. అప్పటి బాక్సర్లలో చాలామంది బరువులెత్తితే కండ బిగుసుకుని వేగం తగ్గుతుందని నమ్మేవాళ్లు.

ఇక్కడ ఒక ముచ్చట. 1961లో ఫొటోగ్రాఫర్ ఫ్లిప్ షుల్కీ తనని ఫొటోలు తీయడానికి వస్తే, ‘నేను నీళ్లలో నిలబడి ప్రాక్టీస్ చేస్తాను, నా వేగం రహస్యం అదే’ అని క్లే చెప్పాడు. స్విమ్మింగ్ పూల్ అడుగున గార్డ్ తీసుకుని నిలబడ్డ ఆ ఫొటోలు లైఫ్ పత్రికలో వచ్చాయి. ప్రపంచమంతా నమ్మింది. అసలు క్లేకి ఈతే రాదు. ప్రచారం ఎలా పుట్టించాలో 19 ఏళ్లకే ఆ కుర్రాడికి వెన్నతో పెట్టిన విద్య. ఫొటో అలా బోల్తా కొట్టించొచ్చు గానీ గుడ్డ మీద అరుగుదల అబద్ధం చెప్పదు. ట్రైనింగ్ బట్టలకి నేనిచ్చే విలువంతా అక్కడుంది.

బాక్సర్ బట్టలు క్రీడల మ్యూజియంలో ఉండాలి గానీ ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఎందుకు?

ఆ రోబ్ వేసుకున్న జిమ్‌కి, అలీ రాత్రి పడుకునే చోటుకి మధ్య దూరం చూస్తే తెలుస్తుంది. జిమ్ మయామీ బీచ్‌లో. అది తెల్లవాళ్ల ఊరు. నల్లజాతి వాళ్లు పగలు అక్కడ పని చేయొచ్చు, రాత్రి అక్కడి హోటళ్లలో ఉండనిచ్చేవాళ్లు కాదు. ఒలింపిక్ స్వర్ణం మెడలో వేసుకున్న క్లే కూడా సముద్రపు పాయకి అవతల మయామీలోని ఓవర్‌టౌన్ అనే నల్లజాతి పేటలోనే ఉండాల్సి వచ్చింది. అక్కడి నుంచి పొడవాటి వంతెన దారిమీద పరిగెత్తుతూ జిమ్‌కి వచ్చేవాడు. తెల్లవాళ్ల ఊరి వైపు ఒక నల్ల కుర్రాడు పరుగెడుతున్నాడంటే పోలీసులకి అనుమానం. ఆపి, జిమ్‌కి ఫోన్ చేసి, ‘ఇతను మీ మనిషేనా?’ అని అడిగారని ఏంజెలో డండీ తర్వాత చాలాసార్లు చెప్పాడు.

బట్టల సంగతే ఇంకోటి. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాదిన చాలా పెద్ద దుకాణాల్లో నల్లజాతి వాళ్లు డబ్బు కట్టి బట్టలు కొనొచ్చు, కానీ కొనేముందు ఒంటికి వేసి చూసుకోకూడదు. మయామీలో ఒక దుకాణంలో క్లేకి కూడా ఇదే జరిగిందని షుల్కీ చెప్పేవాడు. షుల్కీ కోపంతో గొడవకి దిగితే, క్లేనే ఆపి బయటికి తీసుకొచ్చాడట. చొక్కా కూడా వేసి చూసుకోనివ్వని ఊళ్లో చెమటోడ్చిన మనిషి ఒంటి మీది బట్టని ఇప్పుడు ఆ దేశమే రాజధానిలో గాజు వెనక పెట్టి కాపాడుతోంది. ఇది క్రీడా చరిత్ర మాత్రమేనని ఎలా అనగలం?

1967 ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధానికి వెళ్లనని అలీ హ్యూస్టన్‌లో సైన్యం పిలుపుని కాదన్నాడు. టైటిల్ లాగేసుకున్నారు, లైసెన్స్ రద్దు చేశారు, ఐదేళ్ల జైలు శిక్ష వేశారు. అప్పీల్ నడుస్తుండగా బయటే ఉన్నాడు గానీ మూడున్నరేళ్లు రింగ్ ఎక్కలేదు. 1970 అక్టోబర్‌లో అట్లాంటాలో తిరిగి ఆడాడు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8-0తో శిక్ష కొట్టేసింది. 25 నుంచి 28 ఏళ్ల వయసు, ఏ బాక్సర్‌కైనా ఒళ్లు పదునుగా ఉండే కాలం. ఆ ఏళ్ల పోటీ రోబ్‌లు మ్యూజియంలో లేకపోవడానికి కారణం ఆ పోటీలే జరగకపోవడం.

ఆ చెమట మరకల్ని ఉతుకుతారా?

అందరికీ ముందు వచ్చే అనుమానం ఇదే. మామూలుగా ఉతకరు. ఉతకాలా వద్దా అన్నది కన్జర్వేటర్లకి, అంటే పాత వస్తువుల్ని పాడవకుండా కాపాడే నిపుణులకి, తేలికైన నిర్ణయం కూడా కాదు.

చెమటలో 99 శాతం నీళ్లే. మిగతాది ఉప్పు, లాక్టిక్ ఆమ్లం, యూరియా, ఒంటి జిడ్డు. నీళ్లు ఆరిపోతాయి, మిగతావి పోగుల్లో ఉండిపోతాయి. ఉప్పు గాలిలో తేమని పీలుస్తుంది. ఆమ్లం నూలులోని సెల్యులోజ్‌ని మెల్లగా కొరుకుతుంది. జిడ్డు గాలి తగిలి పసుపు రంగుకి తిరుగుతుంది. ఏళ్లు గడిచేసరికి మరక ఉన్న చోట గుడ్డ పెళుసుబారి, మడత పెడితే చిట్లే స్థితికి వస్తుంది. ఆ లెక్కన ఉతికేయడమే మంచిది.

కానీ పెళ్లి చీర మీద మరకకీ దీని మీది మరకకీ చాలా తేడా. ఇక్కడ మరకే చరిత్ర. మెడ దగ్గరి పసుపు పట్టీ, చంకల కింద గట్టిపడ్డ గుడ్డ, చేతి అంచున వేసలీన్ జిడ్డు, అప్పుడప్పుడు ఎండిన రక్తపు చుక్క, ఇవన్నీ ఈ రోబ్‌ని ఎవరు ఎలా వాడారో చెప్పే సాక్ష్యాలు. ఒకసారి నీళ్లలో ముంచితే తిరిగి రావు. రంగు అక్షరాలు ఉంటే అవి కారిపోవచ్చు. అందుకని చాలా మ్యూజియంలు వాడిన క్రీడా దుస్తుల్ని వాడినట్టే ఉంచుతాయి. పైపైన దుమ్ము మాత్రం, గుడ్డ మీద సన్నని వల పరిచి, తక్కువ ఒత్తిడి వ్యాక్యూమ్‌తో తీస్తారు. బురద గట్టిగా పట్టి గుడ్డనే తినేస్తుంటేనో, బూజు పాకుతుంటేనో అప్పుడు శుభ్రం చేయడం గురించి ఆలోచిస్తారు. చేసిన ప్రతి పనీ ఫొటోలతో సహా రాసి పెడతారు.

అలా ఉంచేయడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఉతికి ఇస్త్రీ చేసిన రోబ్ అంగడిలో కూడా దొరుకుతుంది.

మరి పాడవకుండా ఎలా చూస్తారు?

వెలుతురు, తేమ, పురుగులు, మనిషి చేయి. శత్రువులు ఈ నలుగురు.

బట్టల ప్రదర్శనలో వెలుతురు సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) మించనివ్వరు. అందుకే ఆ గదుల్లో అడుగుపెట్టగానే కళ్లకి కాస్త మసకగా ఉంటుంది. విసుక్కోకండి, అది బట్ట ఆయుష్షు కోసం. వెలుతురు చేసిన హాని వెనక్కి పోదు కాబట్టి కొన్ని నెలలు చూపించి, తీసి చీకటి గదిలో పెట్టి, ఇంకో వస్తువు బయటికి తెస్తారు. గాలిలో తేమ 50 శాతం దగ్గర్లో నిలకడగా ఉండేలా చూస్తారు.

దాచేటప్పుడు ఆమ్లం లేని పెట్టె, ఆమ్లం లేని టిష్యూ కాగితం. మడత పడే చోట కాగితాన్ని చుట్టగా చుట్టి లోపల పెడతారు, గీత పడకుండా. ప్రదర్శనకి పెట్టేటప్పుడు దుకాణాల్లో వాడే బొమ్మలు పనికిరావు. ఆ బట్ట కొలతలకి తగ్గట్టు ఫోమ్‌తో ఒక శరీరం చెక్కి, దాని మీద ఉతికిన మల్లు గుడ్డ తొడిగి, రోబ్ బరువంతా భుజాల కుట్ల మీద పడకుండా పరుచుకునేలా చేస్తారు. పురుగు అనుమానం ఉంటే గాలి చొరని సంచిలో పెట్టి సున్నాకి 20 డిగ్రీలు కింద, వారం అంతకు మించి ఫ్రీజర్‌లో ఉంచుతారు. మందులు కొట్టడం కంటే అది మేలు.

నూలు గుడ్డ కాబట్టి ఈ పాట్లు పడితే చాలు. రబ్బరుతో చేసినవి ఇంతకంటే మొండివి. బరువు తగ్గడానికి బాక్సర్లు వేసుకునే రబ్బరు సూట్లు, షార్ట్స్ నడుము పట్టీలోని ఎలాస్టిక్, గ్లవ్స్ లోపలి ఫోమ్ వాటంతట అవే పాడవుతాయి. మొదట జిగురు కారతాయి, తర్వాత గట్టిపడి పొడి అవుతాయి. చల్లగా, చీకట్లో పెడితే ఆలస్యం చేయొచ్చు, ఆపలేరు. బాక్సింగ్ షార్ట్స్‌కి ఎలాస్టిక్ నడుము పట్టీ తెచ్చింది ఎవర్‌లాస్ట్ కంపెనీయే, 1925లో. అంతకు ముందు తోలు బెల్టుతో కట్టుకునేవాళ్లు. మ్యూజియం వాళ్ల కోణం నుంచి చూస్తే ఆ తోలు బెల్టే నయం.

అది నిజంగా అలీదేనని ఎలా తెలుస్తుంది?

మొదటిది, వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందన్న వరస. జిమ్ నుంచి ఎవరు తీసుకెళ్లారు, ఆ తర్వాత ఎవరింట్లో ఉంది, ఎప్పుడు అమ్మారు. మధ్యలో ఒక్క లంకె తెగినా అనుమానం మొదలవుతుంది. రెండోది, ఫొటోతో పోల్చడం. అలీ జిమ్ ఫొటోలు వేలల్లో ఉన్నాయి. కుట్టు ఎక్కడ వంకర పోయింది, అక్షరం ఏ మడతకి ఎంత దూరంలో ఉంది, జేబు మీద చుక్క ఎక్కడుంది అని భూతద్దంతో చూస్తారు. చేత్తో అతికించిన అక్షరాలు ఏ రెండు రోబ్‌ల మీదా ఒకేలా రావు. మూడోది, లేబుల్. కంపెనీలు ఏళ్లని బట్టి లేబుల్ డిజైన్ మారుస్తాయి. 1964 రోబ్‌కి 1970ల లేబుల్ ఉందంటే కథ ముగిసినట్టే. సంతకం ఒక్కటీ చూసి నమ్మడం మాత్రం ప్రమాదం. అలీ పేరుతో నకిలీ సంతకాలు కొల్లలు.

దాని ఖరీదు ఎంత ఉంటుంది?

మ్యూజియం సేకరణలోకి వచ్చిన వస్తువుకి ధర అడగడంలో అర్థం లేదు. బయటి మార్కెట్ ఎలా ఉందో మాత్రం చెప్పొచ్చు. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ని ఓడించి గెలిచిన పోటీ బెల్ట్ 2022 వేలంలో 61.8 లక్షల డాలర్లకి పోయింది. అలాంటివి కోటీశ్వరుల చేతికి వెళితే మనం చూసే వీలు వాళ్ల దయ మీద ఉంటుంది. ట్రైనింగ్ బట్టలు ప్రజల మ్యూజియంకి దక్కడం మన అదృష్టం.

అలీ వస్తువులు ఇంకా ఎక్కడున్నాయి?

వాషింగ్టన్‌లోనే నేషనల్ మ్యూజియం ఆఫ్ అమెరికన్ హిస్టరీకి 1976లో అలీ స్వయంగా వచ్చి గ్లవ్స్, రోబ్ ఇచ్చాడు. ఈ భవనంలో అన్నిటికంటే పేరున్న వస్తువులు ఇవే అవుతాయని అక్కడే ప్రకటించాడు కూడా. పుట్టిన ఊరు లూయీవిల్‌లో 2005లో మొదలైన మహమ్మద్ అలీ సెంటర్ ఉంది.

ట్రైనింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రం పెన్సిల్వేనియాలోని డీర్ లేక్ వెళ్లాలి. 1972 నుంచి అలీ పోటీలకి తయారైంది అక్కడే. చెట్ల మధ్య చెక్క ఇళ్లు, జిమ్, వంటిల్లు, పెద్ద పెద్ద బండరాళ్లు. ఆ రాళ్ల మీద జో లూయిస్, జాక్ జాన్సన్ లాంటి పాత ఛాంపియన్ల పేర్లు రాసి ఉంటాయి. అలీ తండ్రి సైన్‌బోర్డులు రాసే పెయింటర్, ఆ అక్షరాలు ఆయన చేతివే. ఆ క్యాంప్‌ని బాగుచేసి 2019లో సందర్శకులకి తెరిచారు.

మన వాళ్లు వెళ్లి చూడాలంటే?

వర్జీనియా, మేరీల్యాండ్‌లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాషింగ్టన్ తీసుకెళ్లడం ఎలాగూ ఉంటుంది. వాషింగ్టన్ మాన్యుమెంట్ పక్కన, కాంస్యం రంగు జాలీతో మూడంతస్తుల కిరీటంలా కనిపించే భవనమే ఇది. 2016 సెప్టెంబర్ 24న తెరిచారు. అలీ అదే ఏడాది జూన్ 3న కన్నుమూశాడు, చూడలేకపోయాడు. టికెట్ లేదు, కానీ సమయం వేసిన ఉచిత పాస్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం మంచిది. క్రీడల విభాగం మూడో అంతస్తులో. ఏ బట్ట ఎప్పుడు ప్రదర్శనలో ఉంటుందో మారుతుంటుంది కాబట్టి బయల్దేరేముందు వెబ్‌సైట్ చూడండి. పెద్దవాళ్లు ఉంటే కింది అంతస్తుల బానిసత్వ చరిత్ర భాగానికి సగం రోజు పడుతుందని లెక్క వేసుకోండి. నా సలహా అయితే ముందు అది చూసి, తర్వాతే పైకి రండి. అలీ ఎవరితో పోరాడాడో అప్పుడు బాగా అర్థమవుతుంది.

అలీ మన వైపు వచ్చాడా?

1980 మొదట్లో మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎలిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు, ఎం.జి.ఆర్. హాజరయ్యారు. ఈ ఎలిస్ ఎవరో కాదు. లూయీవిల్‌లో చిన్ననాటి స్నేహితుడు, ఫిఫ్త్ స్ట్రీట్ జిమ్‌లో అలీకి స్పారింగ్ జోడీ, తర్వాత తనూ ఛాంపియన్ అయినవాడు. ఆ హెడ్‌గేర్ మీద పడిన దెబ్బల్లో కొన్ని అతనివే అయినా ఆశ్చర్యం లేదు. మాస్కో ఒలింపిక్స్ బహిష్కరణ విషయమై ఆఫ్రికా దేశాలతో మాట్లాడమని అమెరికా అధ్యక్షుడు కార్టర్ కోరడంతో అలీ మన దేశం నుంచే టాంజానియా విమానం ఎక్కాడు.

మా అకాడమీలో, మా ఇంట్లో పాత ట్రైనింగ్ బట్టలు ఉన్నాయి. ఎలా దాచాలి?

ఈ ప్రశ్న అడగాలనే నా కోరిక. నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. అదే ఊరి హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు. మన దగ్గర పతకాలకి అద్దాల బీరువా చేయిస్తాం, శాలువాలు దాస్తాం, ప్రాక్టీస్ జెర్సీ మాత్రం బండి తుడిచే గుడ్డ అవుతుంది. హైదరాబాద్ పురానీ హవేలీలో ఆరో నిజాం బట్టల బీరువా చూడటానికి జనం వెళతారు. ఒక ఆటగాడి బట్టకి అంత మర్యాద ఇంకా మన దగ్గర రాలేదు.

ఖర్చు పెద్దగా ఉండదు. దాచాలనుకున్నదాన్ని బాగా ఆరనివ్వండి, తడి ఉంటే బూజు ఖాయం. నీడలోనే ఆరబెట్టండి. ప్లాస్టిక్ కవర్లో కట్టేయకండి. రంగు వేయని ఉతికిన నూలు గుడ్డలో చుట్టండి. పాత పంచె భేషుగ్గా పనికొస్తుంది. మడతల్లో అదే గుడ్డ చుట్టలు పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు గుడ్డకి తగలనివ్వకండి. న్యూస్ పేపర్ వాడొద్దు, దాని ఆమ్లం గుడ్డకి పాకుతుంది. ఇనుప పిన్నులు, స్టేపుల్స్ తీసేయండి, మన తీరం ఊళ్ల గాలికి తుప్పు రెండేళ్లలో గుడ్డకి చిల్లు పెడుతుంది. వానాకాలం వెళ్లాక ఒకసారి విప్పి, గాలి తగలనిచ్చి, ముందున్న మడతల మీదే కాకుండా వేరే చోట మడవండి.

అన్నిటికంటే ముఖ్యం, ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసి పక్కన పెట్టండి: ఎవరిది, ఏ జిమ్, ఏ కోచ్, ఏ ఏడాది, ఏ పోటీకి తయారవుతూ వేసుకున్నది. వేసుకున్నప్పటి ఫొటో ఉంటే దాని వెనక కూడా అదే రాయండి. ఆటగాడు ఎదురుగా ఉన్నప్పుడే అడిగి రాసుకోండి.